ట్యాబ్ పోషణ: ఏజెన్సీ వాసులకు అమూల్యమైన సలహాలు

భద్రాచలం సెంటర్‌లో టీ తాగుతూ ఎవరైనా ట్యాబ్ బయటికి తీశారంటే, వెంటనే వచ్చే మాట ఒకటే: "ఇది అప్‌డేట్ అడుగుతోందండీ, కొట్టమంటారా?"

దీనికి పట్నం నిపుణులు చెప్పే జవాబు అందరికీ కంఠతా వచ్చు. ఛార్జింగ్ సగం పైన ఉండాలి, వైఫై మీద పెట్టాలి, ముఖ్యమైనవి ముందే వేరే చోట దాచుకోవాలి. వైఫై ఉన్నవాళ్లు వైఫై ఉన్నవాళ్లకు చెప్పుకునే సలహాలివి. చర్లలో, దుమ్ముగూడెంలో, వాగు దాటితే వచ్చే గూడేల్లో ఉండేవాళ్లకు ఒక శాస్త్రం కావాలి. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం. ఇందులో ట్యాబ్ అంటే చేత్తో పట్టుకుని, వేలితో తోసి, సిగ్నల్ కోసం పైకెత్తేది ఏదైనా సరే. ఏడంగుళాలా, ఆరంగుళాలా అన్న పట్టింపు మనకు లేదు.

ముందుగా ముహూర్తం. అప్‌డేట్‌కి శ్రేష్ఠమైన కాలం వర్షాకాలం, అందులోనూ గోదావరి 48 అడుగుల దగ్గర ఉన్నప్పుడు. కారణం ఉంది. 43 అడుగులకు మొదటి హెచ్చరిక ఇస్తారు. అప్పుడు అందరూ ట్యాబ్‌లో నీటిమట్టం చూసుకుంటుంటారు కాబట్టి తెర ఖాళీ ఉండదు. 53 దగ్గర మూడో హెచ్చరిక. అప్పటికి కరెంటు తీసేసి ఉంటారు. ఈ రెంటికీ మధ్య, రెండో హెచ్చరిక వేళ, ఊరంతా ఒకే టవర్ మీద పడి బంధువులకు ఫోన్లు చేస్తుంటుంది. సరిగ్గా అప్పుడు ఒక జీబీ అప్‌డేట్ మొదలుపెట్టండి. 2022 జులై 16న నది 71.3 అడుగులకు వచ్చినప్పుడు వంతెన మీద రాకపోకలు కూడా ఆపేశారు. అలాంటి రోజుల్లో మనిషికి వేరే పనేముంటుంది? 1986లో 75.6 అడుగులు వచ్చినప్పుడు పాపం ఎవరి దగ్గరా ట్యాబ్ లేదు. అంత పెద్ద వరద వృథాగా పోయింది.

వరదలు రాని ఏడు శ్రీరామనవమి ఉంది. మిథిలా స్టేడియంలో, కల్యాణం వేళకు, రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన జనమంతా ఒక్కసారిగా వీడియో కాల్‌లో ఇంటివాళ్లకు సీతారాముల్ని చూపిస్తుంటారు. మీరు ఆ పక్కనే కూర్చుని 'డౌన్‌లోడ్' నొక్కండి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పటికి మూడు శాతం, తలంబ్రాలకి నాలుగు శాతం. మధ్యలో గీత కదలడం లేదని కంగారు పడి ఊరికే రద్దు చేసి వదిలేయకండి. రద్దు చేసి మళ్లీ మొదలుపెట్టండి. డాటా రెండుసార్లు ఖర్చయినా తృప్తి మిగులుతుంది.

ఛార్జింగ్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. తొమ్మిది శాతం చాలు. ఈ మధ్య వచ్చే ఆండ్రాయిడ్ యంత్రాల్లో చాలావాటికి పాత వ్యవస్థ ఒక గదిలో, కొత్తది ఇంకో గదిలో ఉంటాయి. మధ్యలో కరెంటు పోతే కొత్తదాన్ని వదిలేసి పాతదాంతో లేచి కూర్చుంటాయి. అందులో రసం లేదు. పాత ట్యాబ్‌లైతే సగంలో ఆగి కంపెనీ గుర్తు దగ్గరే నిలబడిపోతాయి. ఆ గుర్తు మంచి రంగుల్లో ఉంటుంది. గూట్లో నిలబెట్టుకోవచ్చు.

చరిత్ర కాస్త తెలిసుంటే ఈ కష్టాల విలువ తెలుస్తుంది. 2005లో నోకియా వాళ్లు 770 అని ఒక యంత్రం తెచ్చి, దానికి ఇంటర్నెట్ టాబ్లెట్ అని పేరు పెట్టారు. దానికి కొత్త వ్యవస్థ ఎక్కించాలంటే కంప్యూటర్‌కి తీగ తగిలించాలి. ఎక్కించాక లోపలున్నవన్నీ తుడిచిపెట్టుకుపోయేవి. ఇప్పటి పిల్లలకు ఆ వైరాగ్యం ఎక్కడ పట్టుబడుతుంది? మన వాటా కూడా ఉంది. 2011 అక్టోబర్ 5న ఢిల్లీలో విడుదల చేసిన చవక ట్యాబ్ 'ఆకాశ్'ని బిగించింది మన సికింద్రాబాద్‌లోనే. 256 ఎంబీ ర్యామ్, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, అప్పటికే పాతబడిన ఆండ్రాయిడ్ 2.2. అన్నిటికన్నా మెచ్చుకోవలసింది, అందులో గూగుల్ వాళ్ల యాప్ దుకాణమే లేదు. కొత్త యాప్ ఎక్కించమని పోరు పెట్టేవాడు లేని ట్యాబ్ అంటే అదీ.

ఆ లెక్కనే ఒక చిట్కా. మీ ట్యాబ్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు రావడం ఆగిపోయాయా? అయితే దానికి వేయాల్సిన టీకాలన్నీ అయిపోయాయని అర్థం. ఇక ఏ జబ్బూ రాదు. బ్యాంకు పనులన్నీ దాంట్లోనే చేసుకోండి.

కొందరికి అప్‌డేట్ అంటేనే అనుమానం. "బాగానే నడుస్తోంది కదా, ఎందుకు కెలకడం?" అంటారు. వాళ్లకు 2018 ఫిబ్రవరి సంగతి చెప్పాలి. ఐఫోన్లకూ, ఐప్యాడ్‌లకూ అప్పట్లో మన తెలుగు అక్షరం ఒక్కటి గొంతులో పడింది. జ కింద ఞ, దానికి దీర్ఘం. లోపల ఒక కనపడని గుర్తుతో కలిసి ఆ అక్షరం మెసేజ్‌లో వచ్చిందంటే చాలు, యాప్ కుప్పకూలేది. తెలుగు ఒక్క ముక్క రానివాళ్లు కూడా గిట్టనివాళ్లకు ఆ అక్షరాన్ని పంపి ఆడుకున్నారు. ఫిబ్రవరి 19న ఆపిల్ వాళ్లు 11.2.6 అనే అప్‌డేట్ ఇచ్చి దాన్ని మింగించారు. దీన్నిబట్టి మనం నేర్చుకోవలసింది స్పష్టం: పిల్లల ట్యాబ్‌లో తెలుగు కీబోర్డు పెట్టకండి. అమెరికా యంత్రానికే అరగనిది మన పిల్లలకేం అరుగుతుంది? 'అమ్మా అన్నం తిన్నావా' అన్నది కూడా ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టిస్తే యంత్రానికీ సుఖం, అమ్మకీ కాలక్షేపం.

'స్టోరేజీ ఫుల్' అని వచ్చినప్పుడు ఏం తీసెయ్యాలో చాలామందికి తెలియదు. వరస చెబుతాను. మొదట పిల్లల పాఠాలు, వాటికి బరువెక్కువ. తర్వాత పాసుపుస్తకం ఫొటోలు, ఆసుపత్రి చీటీల ఫొటోలు. తాతయ్య చనిపోయే ముందు పంపిన వాయిస్ మెసేజ్‌లు ఉంటే అవీ. పొద్దున్నే పువ్వులతో, సూర్యుడితో వచ్చే శుభోదయాల జోలికి మాత్రం పోవద్దు. పంపినవాళ్లు నొచ్చుకుంటారు. అప్పటికీ చోటు చాలకపోతే 'చెత్త ఊడ్చే' యాప్ ఒకటి ఎక్కించండి. అది ప్రకటనలు చూపిస్తూ, మెమరీ తింటూ, మెమరీ చాలడం లేదని గంటకోసారి చెబుతుంది. దాని చెత్త ఊడ్చడానికి ఇంకోటి ఎక్కించుకోవచ్చు.

కొత్త యాప్‌లు ఎక్కడ దొరుకుతాయి? ప్లే స్టోర్ అంటారు చాదస్తులు. అక్కడ పేరు వెతకాలి, ఎవరు చేశారో చూడాలి, కింద జనం తిట్టినవి చదవాలి. అంత ఓపిక మనకెక్కడిది? వాట్సాప్ గ్రూపులోకి నడుచుకుంటూ వచ్చే యాప్ ఉండగా! పీఎం కిసాన్ డబ్బులు పడ్డాయో లేదో చూసుకోమని ఒక ఫైలు, బండికి చలానా పడిందని ఒక ఫైలు, బ్యాంకు కేవైసీ అని ఒకటి, ఎవరిదో పెళ్లి శుభలేఖ అని ఇంకోటి. అన్నిటికీ చివర 'ఏపీకే' అని తోక ఉంటుంది. శుభలేఖ తెరవడానికి మీ ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి ఎందుకని అడిగేవాడు ఆ పెళ్లికి వెళ్లే అర్హత లేనివాడు. అనుమతి ఇచ్చేయండి. మీకొచ్చే ఓటీపీలు మీకన్నా ముందు అదే చదివేసుకుంటుంది. కళ్లజోడు వెతుక్కునే శ్రమ తప్పుతుంది. ఆ తర్వాత ఖాతా ఖాళీ అయితే 1930 గుర్తు చేసుకోమంటారు. 1930 అంటే ఉప్పు సత్యాగ్రహం జరిగిన సంవత్సరం. సైబర్ మోసం జరిగిన వెంటనే ఫోన్ చేయాల్సిన నంబరు కూడా అదే, కానీ పరీక్షల్లో వచ్చేది సత్యాగ్రహమే కాబట్టి మనం దాన్నే గుర్తుంచుకుందాం.

నెట్ అందని గూడేల్లో యాప్‌లు చేతి నుంచి చేతికి పోతుంటాయి, షేరిట్‌లో, జెండర్‌లో. ఆ రెండూ 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ఉన్నవే. నిషేధం టవర్ ఉన్న ఊళ్లకు కదా, మనకెందుకు అనుకుంటే సరిపోతుంది. పాత కాపీ ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటుంది. దానికి అప్‌డేట్ రాదు. పైన టీకాల గురించి చెప్పాను కదా.

ఇక అంగన్‌వాడీ టీచర్లకు కాస్త వివరంగా చెప్పాలి. ఈ ప్రాంతంలో అప్‌డేట్ భారం ఎవరి నెత్తిన ఎక్కువ ఉందని అడిగితే నేను వాళ్ల పేరే చెబుతాను. 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ అనే యాప్ వచ్చింది. అంతకు ముందు పదకొండు రిజిస్టర్లు ఉండేవి. యాప్ వచ్చింది కాబట్టి రిజిస్టర్లు పోతాయని ఆశపడ్డ టీచర్లు ఉన్నారు. ఆ ఆశ తప్పు. ముందు రిజిస్టర్‌లో రాయండి. అందులోంచి చూసి యాప్‌లో ఎక్కించండి. ఎక్కిందని రుజువుగా తెరను ఫొటో తీసి సూపర్‌వైజర్ గ్రూపులో పెట్టండి. గ్రూపులో పెట్టిన సంగతి మళ్లీ నోట్‌బుక్‌లో రాసుకోండి. పనికి బొమ్మ ఉండాలి, బొమ్మకి రుజువు ఉండాలి. ఇవన్నీ అయ్యాక టైముంటే పిల్లలకు పాట నేర్పించవచ్చు.

ఇచ్చిన ఫోను పాతదై యాప్‌ను మోయలేకపోతోందని గొణక్కండి. మహారాష్ట్రలో 2021లో అలా గొణిగిన కార్యకర్తలు వేల ఫోన్లు పట్టుకెళ్లి ప్రభుత్వానికే అప్పజెప్పారు. 2 జీబీ ర్యామ్‌లో ఈ యాప్ పట్టదని వాళ్ల వాదన. అంత దూరం మోసుకెళ్లడం కన్నా సొంత డబ్బుతో కొత్తది కొనుక్కోవడం మేలు అన్నది మన శాస్త్రం. రీచార్జ్ కూడా మీదే.

అప్‌డేట్ ఎప్పుడు చేయాలంటే, బాలామృతం పంచే రోజు పొద్దున్న. కొత్త వెర్షన్ వచ్చాక పాతది తెరుచుకోనని మొండికేస్తుంది కాబట్టి, తల్లులంతా సంచులు పట్టుకుని వరండాలో కూర్చున్నాకే దాన్ని తెరవండి. 2025 జులై 1 నుంచి ఇంటికిచ్చే రేషన్‌కి ముఖం చూపించడం తప్పనిసరి. చర్ల వైపు ఒక గూడెంలో దీన్ని ఎలా చేస్తారో చెబుతాను.

"ఇటు చూడక్కా. కదలకు. ఇప్పుడు కళ్లార్పు," అంటుంది టీచర్.

అక్క కళ్లార్పుతుంది. చంకలో బిడ్డ ఆ వెలుగుతున్న అద్దం మీదికి చెయ్యి చాపుతాడు. మళ్లీ. ఈసారి లోపల వెలుతురు చాలలేదు. బయట చెట్టు కింద నిలబెడితే ఎండ మొహం మీద సగం పడి సగం పడదు. గోడ పక్కన నిలబెడితే సిగ్నల్ పోతుంది. చివరికి సిగ్నల్, వెలుతురు రెండూ ఉన్న జాగా బోరింగు దగ్గర దొరుకుతుంది. అక్కడ మొహం కుదిరింది. కుదిరాక ఓటీపీ అడుగుతుంది. ఓటీపీ వెళ్లేది ఆధార్‌కి కట్టిన నంబరుకి. ఆ నంబరు ఉన్న ఫోను ఆమె పెనిమిటి జేబులో ఉంది. ఆయన వెంకటాపురం వైపు మిర్చి కోతకు పోయాడు.

"ఫోన్ చెయ్యక్కా ఆయనకి."

"ఆడ సిగ్నల్ ఉండదు టీచరమ్మా. పొద్దుగూకినాక గట్టు మీదికొస్తే కలుస్తది."

ఇలాంటి ఘట్టంలో కొందరు టీచర్లు సంచి చేతిలో పెట్టి, "తీసుకుపో అక్కా, తర్వాత చూద్దాంలే" అంటున్నారు. ఇది ఘోరమైన పొరపాటు. బిడ్డ బరువు తూకం రాళ్లకు తెలుస్తుంది, టీచర్‌కి తెలుస్తుంది, తల్లి చంకకు తెలుస్తుంది. యాప్‌కి ఇంకా తెలియలేదు కదా? యాప్‌కి తెలిసేదాకా ఆ బిడ్డ ఆకలికి లెక్క లేదు. కాబట్టి సంచిని బీరువాలో పెట్టి తాళం వేయండి, పొద్దుగూకేదాకా ఇద్దరూ గట్టు వైపు చూస్తూ కూర్చోండి.

ఉపాధి హామీ మేట్లకు కూడా రెండు ముక్కలు. 2023 జనవరి 1 నుంచి కూలీల ఫొటో రోజుకు రెండుసార్లు ఎన్ఎంఎంఎస్ అనే హాజరు యాప్‌లో ఎక్కించాలన్నారు. కొన్నిచోట్ల ఫొటోకే ఫొటో తీసి ఎక్కించారని కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే 2025 జులైలో రాష్ట్రాలకు రాసింది. అడవిలో చెరువు తవ్వే చోట సిగ్నల్ దొరక్క నిజంగా పని చేసినవాళ్ల మస్టర్ పడకపోతే మాత్రం అది సాంకేతిక కారణం. సాంకేతిక కారణానికి కూలి ఉండదు.

విద్యార్థులకు. భద్రాచలంలో ఉన్న విచిత్రమేమిటంటే ఊరు దాటీ దాటకముందే ఎటపాక, అంటే ఆంధ్రప్రదేశ్. దుమ్ముగూడెం వెళ్లే బస్సెక్కితే తెలంగాణ నుంచి బయల్దేరి, మధ్యలో ఆంధ్రాలోంచి పోయి, మళ్లీ తెలంగాణలో దిగుతాం. 2022 డిసెంబర్ 21న ఆంధ్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ, టీచర్లకూ కలిపి 5.18 లక్షల ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టినప్పుడు ఎటపాక వైపు బావకి ట్యాబ్ వచ్చింది, భద్రాచలం బామ్మర్దికి రాలేదు. మరుసటి ఏడాది అదే తేదీన రెండో విడతని మన్యంలోనే, చింతపల్లిలో మొదలుపెట్టారు. లోపల బైజూస్ పాఠాలు ముందే ఎక్కించి ఉన్నాయి. వేరే యాప్‌లు ఎక్కించడానికి వీల్లేకుండా తాళం వేసి ఇచ్చారు.

ఇక్కడ నా సలహా బావకి. తాళం ఉందంటే తీసేవాడూ ఉంటాడు. సినిమాలు చూసుకోవడానికి వంద రూపాయలిచ్చి తీయించు. బామ్మర్దికి ఆదివారాలు అరువివ్వు. వాడి సిలబస్ వేరు, నీ సిలబస్ వేరు, సినిమా ఒకటే. పాఠాలు చేసిన కంపెనీ 2024 జులై 16న దివాలా ప్రక్రియలోకి వెళ్లింది కదా, ఇక పాఠాలకు అప్‌డేట్ ఎవరిస్తారని మీ మాస్టారు దిగులు పడితే ఓదార్చు. న్యూటన్ మూడు సూత్రాలూ ఆయన పోయినా అలాగే ఉన్నాయి. ట్యాబ్ బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచినప్పుడు చూసుకుందాం అని చెప్పు. ఉబ్బిన బ్యాటరీని గట్టిగా నొక్కితే సర్దుకుంటుందని చెప్పేవాళ్లు ఉంటారు. ఇంత ధైర్యం గల నేనే ఆ పని చేయమనను. ఈ శాస్త్రం మొత్తంలో నమ్మదగిన వాక్యం ఇదొక్కటే, కాబట్టి గీత గీసుకోండి.

కోయ మాట్లాడే అవ్వల కోసం కూడా యాప్ ఉందా అని ఒకరు అడిగారు. 2025 సెప్టెంబర్ 1న కేంద్ర గిరిజన శాఖ 'ఆది వాణి' అనే అనువాద యాప్‌ను ప్రయోగాత్మకంగా తెచ్చింది. సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ ఉన్నాయి. కుయి, గారో తర్వాత వస్తాయన్నారు. మన కోయ ఆ పేర్లలో లేదు. పర్వాలేదు, గోండీ పెట్టి అవ్వ చెవి దగ్గర మోగించండి. ఛత్తీస్‌గఢ్ గోండీకీ మన కోయకీ చుట్టరికం ఉంది, సగం అర్థమవుతుంది. మిగతా సగానికి అవ్వ నవ్వుతుంది. ఆ నవ్వును 'యాప్ బాగుంది' అని రాసి ఐదు నక్షత్రాలు ఇచ్చేయండి. ఆసుపత్రిలో డాక్టరమ్మ "ఎన్ని రోజులుగా నొప్పి?" అని తెలుగులో అడిగినప్పుడు ఏం చేయాలన్నది ఈ యాప్ పరిధిలోకి రాదు. దానికి ఆయమ్మ ఉంది. ఆమెకు రెండు భాషలూ వచ్చు, అప్‌డేట్ అక్కర్లేదు. అందుకేనేమో ఆమె మీద ఎవరూ పెద్దగా ఖర్చు పెట్టరు.

ఇక కొత్త యాప్ తెరవగానే వచ్చే మొదటి తెర గురించి. రాష్ట్రం, జిల్లా, మండలం ఎంచుకోమంటుంది. మిగతా దేశానికి ఇది మూడు నొక్కులు. మనకు ఇక్కడే తెల్లారుతుంది. తప్పు యాప్‌ది కాదు, మన ఊళ్లకే వెర్షన్లు ఎక్కువ. ఖమ్మం జిల్లా 1953లో పుట్టింది. భద్రాచలం అప్పటికి తూర్పుగోదావరిలో ఉంది, 1959లో ఖమ్మంలోకి వచ్చింది. 2014లో పోలవరం ముంపు పేరు చెప్పి చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, ఇటు భద్రాచలం పట్టణం మినహా చుట్టూ ఉన్న పల్లెలు తిరిగి తూర్పుగోదావరికి పోయాయి. రాముడి గుడి తెలంగాణలో ఉండిపోయింది, ఆ గుడి భూములు పురుషోత్తపట్నంలో, ఆంధ్రలో పడ్డాయి. 2016 అక్టోబర్ 11న భద్రాచలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. 2022 ఏప్రిల్‌లో ఎటపాక అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మారింది. ఎటపాకలో ఎనభై ఏళ్ల ముసలాయన వాకిట్లోంచి అడుగు కదపకుండా ఇవన్నీ చూశాడు. ఏ ఒక్క దానికీ 'ఇప్పుడు కాదు, తర్వాత' అన్న బటన్ రాలేదు.

కాబట్టి జాబితాలో మీ జిల్లా కనపడకపోతే వెతుక్కుంటూ కూర్చోకండి. పిన్‌కోడ్ కొట్టండి. చింతూరుది ఇప్పటికీ 507తోనే మొదలవుతుంది. ఆ అంకెలు చూడగానే కొన్ని యాప్‌లు తమంతట తామే 'తెలంగాణ, ఖమ్మం' అని నింపేస్తాయి. దిద్దకండి. దిద్దితే ఎర్ర అక్షరాల్లో తప్పు చూపిస్తుంది, ముందుకు పోనివ్వదు. అలాగే వదిలేసి కింద 'సమర్పించు' నొక్కండి. పింఛనో, స్కాలర్‌షిప్పో ఏదో ఒక రాష్ట్రంలో మంజూరవుతుంది. ఏ రాష్ట్రంలో అయిందో కనుక్కోవడానికి వేరే యాప్ ఉంది, దానికి మాత్రం ముందు అప్‌డేట్ కావాలి.